పొద్దున్నే డబుల్స్ ఆడే పెద్దలకి ఒక బహిరంగ లేఖ

మన బెజవాడ, గుంటూరు టెన్నిస్ క్లబ్బుల పెద్దలకి, జూనియర్ టోర్నమెంట్లు పెట్టే నిర్వాహకులకి, స్టేడియం కోర్టులు చూసే అధికారులకి, అకాడమీ కోచ్‌లకి నమస్కారం.

అయ్యా, రోజూ పొద్దున్నే ఐదున్నర ఆరింటికల్లా మీలో చాలామంది కోర్టు మీద ఉంటారు. ఇద్దరు ఇటు ఇద్దరు అటు, బయట బెంచీ మీద ఇంకో నలుగురు తమ వంతు కోసం కాచుకుని, ఓడినోళ్లు టిఫిన్ పెట్టించాలని పందెం, మధ్యలో నుంచి వెళ్లిపోయిన బాల్ నీదా నాదా అని పావుగంట పంచాయితీ. మీలో ఒక్కరు సింగిల్స్ ఆడగా నేను చూడలేదు. మన ఊళ్లో పెద్దోళ్లకి టెన్నిస్ అంటేనే డబుల్స్. కానీ అదే మీరు సాయంత్రం పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం "డబుల్స్ సంగతి తర్వాత చూద్దాంలే, ముందు సింగిల్స్ ర్యాంకింగ్ చూడండి" అంటారు. ఈ తిరకాసు ఏంటో నాకు అర్థం కాదు, అందుకే ఈ లేఖ.

నేను అడిగేది ఒక్కటే. డబుల్స్ అనేది కూడా ఒక కెరీర్ అని, దాన్ని కూడా విడిగా నేర్పాలని, మన పిల్లలకి పదమూడు పద్నాలుగేళ్లకే తెలిసేలా చెయ్యండి. సింగిల్స్‌లో ఓడిపోయినోళ్లు సాయంత్రం దాకా ఊరికే కూర్చోకుండా ఆడుకునే ఆటలాగా దాన్ని చూడటం మానెయ్యండి.

రోహన్ బోపన్న గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు గానీ ఒకసారి ఆ లెక్క చూడండి. కొడగు కుర్రాడు, 1980లో పుట్టాడు. 2010లో పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో కలిసి యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లి బ్రయాన్ బ్రదర్స్ చేతిలో ఓడిపోయాడు. 2017లో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ (ఆడ, మగ కలిసిన జోడీల ఆట) గెలిచాడు. మోకాళ్లు అరిగిపోయి కార్టిలేజ్ లేదని, అయ్యంగార్ యోగాతో నెట్టుకొస్తున్నానని ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఆ మోకాళ్లతోనే 2023 యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడి, 2024 జనవరిలో మాథ్యూ ఎబ్డెన్‌తో ఆస్ట్రేలియన్ ఓపెన్ కొట్టి, ఆ సోమవారం ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, 43 ఏళ్లకి. పురుషుల డబుల్స్ గ్రాండ్‌స్లామ్ ఆయనకి అదే మొదటిది. మన దగ్గర 43 అంటే క్లబ్బులో వెటరన్స్ గ్రూపులో వేసేస్తాం. 2025 నవంబర్‌లో రిటైర్ అయ్యాడు. లియాండర్ పేస్ కూడా అంతే, 2016లో స్విట్జర్లాండ్ ఆటగత్తె మార్టినా హింగిస్‌తో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచేటప్పటికి 42. సింగిల్స్‌లో ఈ వయసుకి అంత ఆట ఎవరికి మిగుల్తుందండీ?

సరే, వాళ్లు ఎక్కడో కూర్గు వాళ్లో కలకత్తా వాళ్లో అంటారా. సాకేత్ మైనేని ఎక్కడ పుట్టాడు? ఉయ్యూరులో. బెంజ్ సర్కిల్‌లో బస్సెక్కి బందరు రోడ్డు మీద కూర్చుంటే గంటలో దిగుతాం. ఆ ఊళ్లో పుట్టిన కుర్రాడు 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్ సిల్వర్ తెచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత హాంగ్‌జౌలో మళ్లీ రామ్‌కుమార్‌తో కలిసి ఇంకో సిల్వర్, అప్పటికి వయసు 35. మధ్యలో 2016లో యూఎస్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాకి క్వాలిఫై కూడా అయ్యాడు, అంటే సింగిల్స్ రాక డబుల్స్‌కి వచ్చిన బాపతు కాదు. 2017లో అర్జున అవార్డు. ఇంత జరిగితే మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో మీరే ఒకసారి మీ అకాడమీలో అడిగి చూడండి. జొకోవిచ్ తినే తిండేంటో చెప్తారు, ఉయ్యూరాయన గురించి చెప్పలేరు. తప్పు పిల్లలది కాదు, మనం చెప్పలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్తా, ఊరు పేరు, టోర్నీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క చోట జరిగేది కాదు. మే నెల, రోళ్లు పగిలే ఎండ, అండర్ 14 అమ్మాయిల డబుల్స్ ఫైనల్. మా మేనకోడలు, ఆమె పార్ట్‌నర్ తెనాలి పిల్ల, అవతల జోడీ గుంటూరు. పొద్దున పదకొండింటికి అన్నారు, లంచ్ తర్వాత అన్నారు, సింగిల్స్ ఫైనల్ అయ్యాక అన్నారు, ఆఖరికి సాయంత్రం ఆరు దాటాక చివరి కోర్టులో, అదీ రెండు సెట్లు లేవు, ఎనిమిది గేములకి ఒకటే సెట్ అన్నారు. ఒక పక్క షామియానా విప్పుతున్నారు, కుర్చీలు లారీకెక్కిస్తున్నారు, ఆ చప్పుళ్ల మధ్య ఆట. అయినా ఆ పిల్లలు ఏం ఆడారండీ! తెనాలి పిల్ల సర్వీస్ చేసే ముందు మా మేనకోడలు నెట్ దగ్గర సరిగ్గా మధ్య గీత మీద గొంతుక్కూర్చుని, వెనక్కి చెయ్యి పెట్టి వేళ్లతో సైగ చేస్తుంది, పిడికిలి అయితే కదలను, రెండు వేళ్లయితే ఎడమకి పోతా అని. ఐ ఫార్మేషన్ అంటారు దాన్ని. ఎవరూ నేర్పలేదు, ఫోన్‌లో మ్యాచ్‌లు చూసి వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు. 5-5 దగ్గర ఒక బాల్‌కి లేచి అడ్డంగా దూకి వాలీ (బాల్ నేలకి తగలకముందే కొట్టే దెబ్బ) కొట్టింది చూడండి, అవతలి పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు. చూసింది మాత్రం నలుగురు తల్లిదండ్రులు, నేను, వాచ్‌మన్. మర్నాడు పేపర్లో సింగిల్స్ విన్నర్ ఫోటో ఒక్కటే వచ్చింది.

స్పోర్ట్స్ కోటా అప్లికేషన్‌కి సర్టిఫికెట్ చూపిస్తే "ఓ, డబుల్సా" అని మొహం అదోలా పెట్టిన ఆఫీసులు కూడా చూశాం, ఆ గొడవ ఇక్కడ వద్దు.

మీరు అనొచ్చు, సింగిల్స్ బాగా ఆడేవాడు డబుల్స్ కూడా ఆడేస్తాడు కదా, విడిగా నేర్పేదేముంది అని. కోర్టు కొలతల దగ్గరే తేడా మొదలవుతుందండీ. సింగిల్స్‌కి వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36, రెండు పక్కలా నాలుగున్నర అడుగుల సందులు కలుస్తాయి, సర్వీస్ బాక్స్ మాత్రం అదే. నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర, అందుకే మధ్యలో నుంచి పోయే బాల్‌కి అంత విలువ, పైగా ఇద్దరిలో ఎవరు కొట్టాలో తేల్చుకునే లోపు పాయింట్ పోతుంది (పొద్దున్నే మీ పంచాయితీలు దీని మీదే కదా). సింగిల్స్‌లో సర్వీస్ రిటర్న్ లోతుగా ఎక్కడ పడేసినా ర్యాలీ మొదలవుతుంది, డబుల్స్‌లో అలా గాల్లోకి లేపితే నెట్ దగ్గరున్నోడు పళ్లు రాలగొడతాడు. బాల్ నెట్ మీదుగా కిందకి దిగి వచ్చేవాడి కాళ్ల దగ్గర పడాలి. ఫస్ట్ సర్వీస్ స్పీడ్ కొంచెం తగ్గించైనా బాక్సులో పడాలి, ఎందుకంటే సెకండ్ సర్వీస్ మీద పార్ట్‌నర్ నెట్ దగ్గర నిలబడి దెబ్బలు తినాలి. తల మీదుగా ఎత్తుగా లాబ్ వేస్తే ఎవరు వెనక్కి పరిగెత్తాలి, ఎవరు సైడ్ మారాలి, ఇదంతా రోజూ కలిసి ఆడితే గానీ రాదు. మన అకాడమీల్లో బుట్టెడు బాల్స్ బేస్‌లైన్ నుంచి కొట్టించి, చివరి పది నిమిషాల్లో నాలుగు వాలీలు వేయించి ఇంటికి పంపిస్తారు.

ఈ తేడా ఎంతుంటుందో 2025 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ చూసినోళ్లకి తెలుసు. జనం కోసమని ఫార్మాట్ మార్చి, పదహారు జోడీలే పెట్టి, సింగిల్స్ స్టార్లందరినీ పిలిచి, గెలిస్తే పది లక్షల డాలర్లు అన్నారు. జొకోవిచ్, అల్కరాజ్, స్వియాటెక్ అందరూ దిగారు. చివరికి కప్పు ఎవరెత్తుకెళ్లారు? అంతకుముందు ఏడాది కూడా గెలిచిన ఎరానీ, వవసోరీ, డబుల్సే బతుకుగా పెట్టుకున్న ఇటలీ జోడీ. ఫైనల్లో స్వియాటెక్, రూడ్‌ల మీద గెలిచారు. ఆ వవసోరీయే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బొలెల్లీతో కలిసి ఆడి మన బోపన్న జోడీ చేతిలో ఓడిపోయాడు.

అయితే తల్లిదండ్రులకి అబద్ధం చెప్పమని నేను అనట్లేదు. ఈ కెరీర్‌లో డబ్బు సింగిల్స్‌తో పోలిస్తే చాలా తక్కువ, అది దాచకూడదు. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సింగిల్స్ గెలిచిన సిన్నర్‌కి 31 లక్షల 50 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు, డబుల్స్ గెలిచిన జోడీకి ఇద్దరికీ కలిపి 7 లక్షల 30 వేలు. పంచుకుంటే ఒక్కొక్కరికి మన డబ్బుల్లో సుమారు రెండు కోట్లు. అది పైమెట్టు మీద మాట. కింది మెట్టు మీద పదిహేను వేల డాలర్ల టోర్నీ అంటే ఆ పదిహేను వేలు సింగిల్స్, డబుల్స్ మొత్తం డ్రాకి కలిపి, అందులో డబుల్స్ వాటా చిన్న ముక్క, దాన్ని మళ్లీ ఇద్దరు పంచుకోవాలి, విమానం టికెట్టు, హోటలు, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు వేయించడం) ఖర్చులకే చాలదు. అక్కడి నుంచి ఛాలెంజర్లనే మధ్య మెట్టు టోర్నీలకి, వాటి నుంచి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) వాళ్ల 250 టోర్నీలకి ఎక్కాలి. గ్రాండ్‌స్లామ్‌లో 64 జోడీలకి చోటుంటుంది, ఆ మెయిన్ డ్రాలో పడితే మొదటి రౌండ్‌లో ఓడినా చేతికి కాస్త డబ్బొస్తుంది, అప్పుడే అది ఉద్యోగం అనిపించుకుంటుంది. అక్కడ కూడా సింగిల్స్ ఆటగాళ్లు తమ సింగిల్స్ ర్యాంకు చూపించి డబుల్స్‌లో ఎంట్రీ వేసుకోవచ్చు, అప్పుడు కింద ఉన్న డబుల్స్ జోడీ బయటికి పోతుంది. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది గానీ రూల్ అదే.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి పార్ట్‌నర్. జోడీ ఇద్దరి ర్యాంకులు కలిపి చూస్తారు, కాబట్టి మీ ర్యాంకు బాగున్నా అవతలోడిది పడిపోతే ఇద్దరూ బయటే. ఏడాది దాటితే పాత పాయింట్లు రాలిపోతుంటాయి. ఒకడికి గాయమైతే ఇంకొకడు ఆ వారం ఎవర్నో ఒకర్ని వాట్సాప్‌లో బతిమాలుకోవాలి, పెళ్లి సంబంధాలు చూడటమే నయం, కనీసం వాటికి మధ్యవర్తులుంటారు. పేస్, భూపతిలే 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల్లోనూ ఫైనల్‌కెళ్లి రెండు గెలిచి, తర్వాత విడిపోయారు. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు ఎవరు ఎవరితో ఆడాలనే గొడవ దేశమంతా చూసింది, చివరికి పేస్ పక్కన మన హైదరాబాద్ విష్ణువర్ధన్ ఆడాడు. అంటే ఒక మనిషితో ఏళ్ల తరబడి సర్దుకుపోయి ఆడటం కూడా ఈ పనిలో భాగం, అది కూడా చిన్నప్పుడే అలవాటు కావాలి. మన దగ్గరేమో టోర్నీ పొద్దున సైన్ చేసేటప్పుడు "నీకు పార్ట్‌నర్ ఉన్నాడా, అదిగో ఆ అబ్బాయి ఖాళీ" అని జత కట్టేస్తారు.

సింగిల్స్ మానేయమని నేను అనట్లేదు, అది ముందే చెప్పాలి, లేకపోతే కోచ్‌లు నా మీద పడతారు. సానియా సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది, మణికట్టు మొరాయించాక పూర్తిగా డబుల్స్‌కి వచ్చి 2015లో నంబర్ వన్ అయ్యింది, హింగిస్‌తో వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. బోపన్న డేవిస్ కప్‌లో సింగిల్స్ ఆడినోడే. పునాది అదే, ఒప్పుకుంటా. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ ర్యాంకింగ్‌లో కూడా ఆరు మంచి సింగిల్స్ ఫలితాలు పూర్తిగా లెక్కేసి, డబుల్స్‌వి నాలుగో వంతే కలుపుతారు, అందుకే తల్లిదండ్రులు డబుల్స్‌ని పట్టించుకోరు, వాళ్లని తప్పు పట్టలేం. కానీ నాలుగో వంతు లెక్కేసే దానికి మనం పదో వంతు టైం కూడా ఇవ్వట్లేదే!

పక్కనే ఉన్న బ్యాడ్మింటన్ వాళ్లని చూడండి. అమలాపురం కుర్రాడు సాత్విక్, ముంబై కుర్రాడు చిరాగ్, ఇద్దర్నీ జత కట్టింది మలేషియా నుంచి వచ్చిన డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హెర్. డబుల్స్‌కి విడిగా ఒక మనిషిని పెట్టారు, ఆయన వేరే వేరే జోడీల్లో ఆడుతున్న ఇద్దర్ని పట్టుకుని కలిపాడు. మొదట్లో ఇద్దరికీ అంత ఇష్టం లేదట కూడా. 2023లో ఏషియన్ గేమ్స్ గోల్డ్, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్. మన టెన్నిస్‌లో అలా కూర్చుని ఏ పిల్లాడి వాలీ ఏ పిల్లాడి సర్వీస్‌కి సరిపోతుందో ఆలోచించే మనిషి ఒక్కరున్నారా?

విదేశీ కోచ్‌ని తెమ్మనట్లేదు, అంత డబ్బు లేదని తెలుసు. మన క్లబ్బుల్లో మార్కర్లు ఉన్నారు కదండీ, ఇరవై ముప్పై ఏళ్లుగా మీకు బాల్స్ వేస్తూ, నాలుగో మనిషి రాకపోతే మీతో డబుల్స్ ఆడుతూ. నెట్ దగ్గర వాళ్ల చెయ్యి చూశారా ఎప్పుడైనా? రాకెట్ అంగుళం కదిపి బాల్‌ని చంపేస్తారు. సర్టిఫికెట్ లేదని వాళ్లని బుట్టలు మోయడానికే పెడుతున్నాం. వారంలో రెండు సాయంత్రాలు పిల్లలకి వాలీ, లాబ్, పోచింగ్ (పార్ట్‌నర్ వైపు వెళ్లే బాల్‌ని నెట్ దగ్గర అడ్డంగా వెళ్లి కొట్టడం) నేర్పడానికి వాళ్లని పెట్టి, దానికి విడిగా డబ్బులివ్వండి. ఏడాదికోసారి సాకేత్ లాంటి వాళ్లని ఒక వారాంతం పిలవండి, ఉయ్యూరు దాకా వస్తే ఇక్కడికి రావడం ఎంతసేపు.

ఇంకా కోర్టుల సంగతి. మన దగ్గర కోర్టులు తక్కువ, పిల్లలు ఎక్కువ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిది దాటితే సాయంత్రం ఐదు దాకా కోర్టు మీద కాలు పెట్టలేం. ఒక కోర్టు మీద ఇద్దరు ఆడే బదులు నలుగురు ఆడితే ఎవరికి లాభం? దీనికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

టోర్నీల్లో డబుల్స్‌కి టైం చాలదు అనే మాట కూడా నేను ఒప్పుకోను. ఏటీపీ వాళ్లు 2006లోనే దీనికి దారి చూపించారు. 40-40 దగ్గర గేమ్ తేల్చడానికి ఒకటే పాయింట్, ఏ సైడ్ నుంచి రిటర్న్ చెయ్యాలో రిటర్న్ జోడీ ఎంచుకుంటుంది, సెట్లు చెరొకటి అయితే మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. గంటంబావు, మహా అయితే గంటన్నరలో అయిపోతుంది. ఎనిమిది గేముల ఒక్క సెట్టుతో పిల్లలకి పెద్ద మ్యాచ్ ఒత్తిడి తెలియదు, ఈ పద్ధతిలో రేపు ప్రొఫెషనల్‌గా వెళ్తే ఎదురయ్యేదే ఇక్కడ అలవాటవుతుంది. ఫైనల్ మాత్రం సింగిల్స్ ఫైనల్ ఆడిన కోర్టులోనే, జనం ఉండగానే పెట్టండి, షామియానా విప్పకముందు.

నా అసలు కోరిక ఒక లీగ్. జోడీలు ముందే రాయించుకోవాలి, మధ్యలో మార్చకూడదు, ఆరు వారాలు, బెజవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి, గుడివాడ, బందరు, ఏ ఊరు వస్తే ఆ ఊరు. అమెరికా కాలేజీల్లో టీమ్ మ్యాచ్ మూడు డబుల్స్ మ్యాచ్‌లతో మొదలవుతుంది, అందులో రెండు గెలిచిన టీమ్‌కి ఒక పాయింట్, తర్వాతే సింగిల్స్. సాకేత్ కూడా అలబామా యూనివర్సిటీకి ఆడి ఆ పద్ధతిలోంచి వచ్చినోడే. మన లీగ్‌లో కూడా అలాగే డబుల్స్‌తో మొదలెడదాం, అప్పుడు ఏ టీమూ డబుల్స్‌ని తేలిగ్గా తీసుకోదు. అమ్మాయిలకి కూడా అన్ని జోడీలు, అన్ని మ్యాచ్‌లు, తగ్గించొద్దు. బయటి టోర్నీలకి పంపే సాయం ఏదైనా ఇస్తే జోడీకి కలిపి ఇవ్వండి, ఒక రూము, ఒక కోచ్, ఇద్దరికీ సరిపోతుంది, ఒక పిల్లకి ఇచ్చి రెండో పిల్లని ఇంట్లో కూర్చోబెడితే ఆ సాయం వృథా.

వచ్చే వేసవి క్యాంపు పాంప్లెట్ అచ్చుకి వెళ్లే ముందే ఈ లీగ్ సంగతి మీ కమిటీ మీటింగ్‌లో పెట్టండి. స్కోర్లు రాయడానికి, అంపైరింగ్‌కి, కుర్చీలు వెయ్యడానికి నేను వస్తా, మా బ్యాచ్‌ని కూడా లాక్కొస్తా. ఒక్క కోర్టు, శని ఆదివారాలు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఇవ్వండి చాలు. లైట్ల కరెంటు బిల్లు మీకు భారం అనుకుంటే చెప్పండి, పిల్లల తల్లిదండ్రులు, నేను కూర్చుని మాట్లాడుకుంటాం.

ఇట్లు,
టెన్నిస్ పిల్లల వెంట తిరిగే ఒక మేనమామ,
పటమట, విజయవాడ